సోమవారం షిఫ్టుకు ముందు

నార్సింగి,
జూన్ 16, 2024.

అన్నకు సౌజన్య నమస్కారం.

నువ్వు ఫోన్ ఎత్తవు. ఎత్తినా "ఆఁ, సరే, సరే, ఉంటా" అని పెట్టేస్తావు. వాట్సాప్‌లో నేను పది వాక్యాలు పంపితే నువ్వు బొటనవేలు గుర్తు ఒకటి పంపుతావు. జీడిమెట్లకూ నార్సింగికీ మధ్య ముప్పై కిలోమీటర్లే అయినా నీ షిఫ్టులూ నా షిఫ్టులూ కలిసే రోజు ఉండదు. అందుకే పాత పద్ధతికి వచ్చాను. కర్నూలు నర్సింగ్ హాస్టల్లో ఉన్నప్పుడు నెలనెలా నువ్వే కదా ఉత్తరం రాసేవాడివి. నోటితో కంటే కాగితం మీదే నువ్వు ఎక్కువ మాట్లాడతావు.

విషయం ఏమిటంటే, నాకు సీటు వచ్చింది. ముప్పై తొమ్మిదేళ్ల వయసులో, పదిహేడేళ్లు నర్సుగా చేశాక, నీ చెల్లెలు మళ్ళీ పుస్తకాల సంచి భుజాన వేసుకుంటోంది. ఆడియాలజీ, అంటే వినికిడికి సంబంధించిన చదువు. నర్సులు, ఫిజియోథెరపిస్టుల లాంటి వాళ్లు ఉద్యోగం మానకుండా చేసే రెండేళ్ల పీజీ. వారంలో మూడు సాయంత్రాలు ఆన్‌లైన్ క్లాసులు, శని ఆదివారాలు గచ్చిబౌలిలో ల్యాబు. "నీకెందుకమ్మా ఈ వయసులో" అన్నవాళ్లు నలుగురు ఉన్నారు. మా ఆయన మధుసూదన్ మాత్రం తన ఆఫీసు బ్యాగు ఖాళీ చేసి నా చేతికిచ్చాడు.

ఎందుకో నీకొక్కడికి చెబుతాను. చలికాలంలో మా వార్డులో వీరలక్ష్మిగారని కాకినాడ ఆవిడ చేరింది. డెబ్బై దాటిన మనిషి. ఏది అడిగినా పొంతన లేని జవాబు చెప్పేది. కేస్ షీటులో మతిమరుపు అని రాశారు. నేనూ అదే అనుకున్నాను. నాలుగో రోజు ఆవిడ కుడి పక్కకు వెళ్లి, చెవి దగ్గర నెమ్మదిగా "మీకు కాఫీ ఇష్టమా, టీ ఇష్టమా అమ్మా" అన్నాను. ఆవిడ నా చేయి పట్టుకుని, "కాఫీయేనండి. ఇన్నాళ్లకి ఒకరు నాతో మాట్లాడారు" అంది. మతి బంగారంలా ఉంది. వినపడదు, అంతే. ఆవిడ ఇంటికి వెళ్లిన రోజే దరఖాస్తు పెట్టాను.

నాకు ఈ చదువు వస్తుంది అన్నా. ఆ నమ్మకం ఉంది. నువ్వు ఒక్క మాట రాయి. వదినకు చెప్పు.

నీ చెల్లెలు,
సౌజన్య


షాపూర్‌నగర్, జీడిమెట్ల,
జూలై 3, 2024.

చెల్లెలు సౌజన్యకు ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. రెండుసార్లు చదివాను. మీ వదిన లక్ష్మీదేవి ఒకసారి చదివి, ఇంకోసారి ఎదురింటావిడకు చదివి వినిపించింది. మన ఇంట్లో పీజీ దాకా వెళ్లినది నువ్వే. నాయన ఉంటే ప్రొద్దుటూరు బజారంతా చెప్పుకుని తిరిగేవాడు.

ఫోన్ సంగతి తప్పుగా అనుకోవద్దు. షాపులోకి, అదే ప్రెస్సులుండే షెడ్డులోకి, ఫోన్ తీసుకెళ్లనివ్వరు. లాకర్లో పెట్టి వెళ్లాలి. ఇంటికొచ్చేసరికి మాట్లాడే ఓపిక ఉండదు. నువ్వు ఇలాగే రాయి. నేనూ రాస్తాను. నాకిది బాగుంది.

నా పని నీకు తెలిసిందే. మందు సీసాల మూతలు. అల్యూమినియం రేకు ఒకవైపు నుంచి వెళ్తుంది, ప్రెస్సు దిగుతుంది, మూతలు రాలిపడతాయి. అలాంటి ప్రెస్సులు పన్నెండు. నలభై మంది మనుషులు. నేను ఇన్‌చార్జినై ఆరేళ్లయింది. ఏ ప్రెస్సుకు ఏ రోగం వచ్చిందో కొత్తవాళ్లు చెవి పెట్టి వింటారు. నేను దాని ఒంటి మీద చేయి పెట్టి చెప్తాను. బేరింగు పోయిందా, బోల్టు వదులైందా, అరచేతికి తెలుస్తుంది. అందుకే మేనేజరు నన్ను వదలడు.

బాగా చదువుకో. ఆరోగ్యం చూసుకో.

అన్న,
సుబ్బరాయుడు


నార్సింగి,
సెప్టెంబరు 22, 2024.

అన్నకు,

మొదటి పరీక్షలో తప్పాను. చెబితే నవ్వుతావు.

శబ్దం చొరబడని చిన్న గదిలో మనిషిని కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్ పెట్టి, సన్నని కూతలు వినిపిస్తాం. వినపడినప్పుడల్లా చేతిలోని మీట నొక్కాలి. నాకు ఇచ్చిన మనిషి హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, అరగంట ఖాళీ చేసుకుని వచ్చాడు. నేను కూత పంపినప్పుడల్లా టక్కున నొక్కాడు. వినికిడి దివ్యంగా ఉందని రాసి ఇచ్చాను. మా మాస్టారు ఉదయ్ భాస్కర్‌గారు ఆ కాగితం చూసి, అతన్ని గోడవైపు తిప్పి కూర్చోబెట్టి మళ్ళీ చేయమన్నారు. సగం కూతలకు నొక్కలేదు. గది కిటికీ అద్దంలోంచి నా చేయి కదలడం చూసి నొక్కాడన్నమాట!

"అతను మోసం చేయలేదండి" అన్నారు మాస్టారు. "వినపడనివాళ్లు కళ్లతో వింటారు. వాళ్లకే తెలియకుండా అలవాటైపోతుంది. మీరు ముందుగా తెలుసుకోవాల్సింది అదే."

ఆ తర్వాత తప్పలేదు. క్లాసులో పదకొండు మందిమి. నేనే పెద్దదాన్ని. ఇప్పుడు చిన్నవాళ్లకు ఏదైనా తేడా వస్తే "సౌజన్యక్కా, ఒకసారి చూడవా" అంటున్నారు.

ఇంకో సంగతి నేర్చుకున్నాను. పెద్ద చప్పుళ్ల మధ్య ఏళ్ల తరబడి పనిచేసేవాళ్లకు అన్ని శబ్దాలూ ఒకేసారి పోవు. ముందు సన్నని శబ్దాలు పోతాయి. మాట చప్పుడు వినిపిస్తూనే ఉంటుంది, ఏ మాటో తెలియదు. కత్తి అన్నా, పత్తి అన్నా, సత్తి అన్నా ఒకటే. అందుకే చాలామంది తమకు వినపడదనుకోరు, ఎదుటివాళ్లు సరిగ్గా మాట్లాడటం లేదనుకుంటారు.

ఇప్పుడు అసలు పని. నేను ఒక ప్రాజెక్టు చేయాలి. చప్పుడులో పనిచేసే ముప్పై మందికైనా పరీక్ష చేసి నివేదిక రాయాలి. వినగానే మీ షాపే గుర్తొచ్చింది. ఇంకెక్కడో తెలియనివాళ్ల గుమ్మంలో నిలబడటం ఎందుకు? మీ మేనేజరు నీ మాట కాదనడు. యంత్రం నేను తెచ్చుకుంటాను, ఒక నిశ్శబ్దమైన గది చూపిస్తే చాలు. ఎప్పుడు రమ్మంటావు?

సౌజన్య


షాపూర్‌నగర్,
అక్టోబరు 1, 2024.

సౌజన్యకు,

నీ పరీక్షల కబుర్లు చదివాను. సంతోషం.

మా షాపులో ఆ ప్రాజెక్టు కుదరదు. ఆర్డర్లు ఎక్కువగా ఉన్నాయి. మనుషులు కూడా భయపడతారు. చెవి పరీక్ష అంటే ఉద్యోగం తీసేయడానికే అనుకుంటారు. మేనేజరును నేను అడగలేను. వేరే చోట చూసుకో. నగరంలో కర్మాగారాలకు కొదవ లేదు.

వదిన అడిగినట్టు చెప్పమంది.

సుబ్బరాయుడు


నార్సింగి,
నవంబరు 11, 2024.

అన్నకు,

ఇది రాయడానికి ఉదయం నుంచి మూడుసార్లు కూర్చున్నాను.

నీ అక్టోబరు ఉత్తరం చూసి నాకు కోపం వచ్చింది. అడిగిన వెంటనే కాదనే మనిషివి కాదు. అందుకే చెప్పకుండా నిన్న మీ ఇంటికి వచ్చాను. వదిన ఉగ్గాని చేసింది. నువ్వు నాకెదురుగా కూర్చుని నా మొహం వైపే చూస్తూ కబుర్లు చెప్పావు. అంతా బాగుంది. తర్వాత నేను దగ్గు వచ్చినట్టు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "షాపులో కొత్తగా ఎవరైనా చేరినారా అన్నా" అన్నాను.

"ఆఁ, పోయిన నెలే మార్చినాము" అన్నావు.

కొంగు తీసి అదే అడిగాను. "ఇద్దరు చేరినారు" అన్నావు. మళ్ళీ రెండుసార్లు కొంగు అడ్డం పెట్టాను. రెండుసార్లూ "సరే" అన్నావు. అడిగింది సరే అనాల్సిన ప్రశ్న కాదు. వదిన నీ భుజం తట్టి, నీ ఎదుటికి వచ్చి చెప్పింది. ఆమె అలా చెప్పడం నిన్న మొదలైంది కాదని చూస్తే తెలుస్తోంది.

అన్నా, నీకు వినపడటం లేదు. ఎన్నాళ్ల నుంచి?

వినికిడి చదువుకుంటున్నానని నీకే గొప్పలు రాశాను. నీ సంగతి నీకే పాఠంలా చెప్పాను. ఫోన్ ఎత్తవని తిట్టాను. నాకు సిగ్గుగా ఉంది. నీ మీద కోపం కూడా ఉంది. రెండూ దాచుకోను.

నిజం రాయి.

సౌజన్య


షాపూర్‌నగర్,
నవంబరు 24, 2024.

సౌజన్యా,

నా ఇంట్లో, నా ఎదురుగా కూర్చుని, నాకు చెప్పకుండా నాకు పరీక్ష పెట్టావు. అది తప్పు. మీ మాస్టారు నీకు అది నేర్పలేదనుకుంటాను. వారం రోజులు నీకు జవాబు రాయకూడదనే అనుకున్నాను.

లక్ష్మీదేవి ఊరుకోలేదు. "నీ చెల్లెలు అడిగింది నేను నాలుగేళ్లుగా అడుగుతున్నదే" అంది.

మాస్కులు వచ్చిన ఏడు నాకు తెలిసింది. అంతకు ముందు చప్పుడు వల్ల అనుకునేవాణ్ణి. అందరూ నోటికి గుడ్డ కట్టుకున్నాక షాపులో ఎవరి మాటా అర్థం కాలేదు. అప్పటిదాకా పెదాలు చూసి బతికానని అప్పుడు అర్థమైంది. ఎవరికీ చెప్పలేదు. చేతి సైగలు చేశాను, కాగితం మీద రాసివ్వమన్నాను. "సారు పద్ధతి గల మనిషి, అన్నీ రాతలోనే" అని పేరు వచ్చింది.

అది కాదు అసలు సంగతి. ఇది మీ వదినకు కూడా చెప్పలేదు.

పోయిన ఏడాది ఆగస్టులో ఏడో నంబరు ప్రెస్సులో రేకు ఇరుక్కుంది. మల్లమ్మ అని, పద్నాలుగేళ్లుగా మా దగ్గర పనిచేస్తున్న మనిషి, చేత్తో దాన్ని లాగుతోంది. నేను అవతలి పక్కన మీట దగ్గర ఉన్నాను. రేకు కదిలింది. "వదులుతున్నా, చెయ్యి తియ్యి" అని అరిచి, ఒక్క క్షణం ఆగి, మీట వేశాను. ఆమె "ఆపు సార్, ఆపు" అని అరిచిందట. మూడుసార్లు అరిచిందట. నాకు ఒక్కటీ వినపడలేదు. పక్క ప్రెస్సు మీద ఉన్న రామాంజనేయులు పరుగెత్తుకొచ్చి కరెంటు కట్ చేశాడు. ఆమె కుడిచేతి రెండు వేళ్లు పైకణుపు దాకా పోయాయి.

ప్రమాదం కాగితంలో కారణం రాయాలి. మేనేజరు "సిబ్బంది అజాగ్రత్త" అని రాశాడు. సిబ్బంది అంటే మల్లమ్మ. కింద ఇన్‌చార్జి సంతకం. ఆ సంతకం నాది.

ఆమెను ప్యాకింగులోకి మార్చారు. రోజూ పొద్దున "నమస్తే సార్" అంటుంది, ఆ చేత్తోనే. నువ్వు వచ్చి షాపులో అందరికీ పరీక్ష చేస్తే ముందు బయటపడేది నేను. అందుకే కుదరదన్నాను. ఆర్డర్లు ఎక్కువేమీ లేవు.

ఇప్పుడు నీకు తెలిసింది. ఏం చేస్తావో చెయ్యి.

సుబ్బరాయుడు


నార్సింగి,
నవంబరు 28, 2024.

అన్నకు,

చెప్పకుండా పరీక్ష పెట్టడం తప్పే. క్షమించు. ఇంకెవరికీ ఎప్పుడూ అలా చేయను.

నీ తప్పేమీ లేదని నేను రాయను. అలా రాస్తే నువ్వు నమ్మవు. వినపడకపోవడం నీ తప్పు కాదు. ఆ సంతకం నీదే. ఆ రెండూ వేరు వేరుగా ఉంచుకో. మొదటిదానికి నేను సాయం చేయగలను. రెండోది నువ్వు చేయాల్సిందే.

డిసెంబరు 14 శనివారం సెలవు పెట్టు. చప్పుడుకు దూరంగా ఒక పూర్తి రోజు గడిస్తేనే చెవి అసలు స్థితి తెలుస్తుంది. ఆదివారం పది గంటలకు ల్యాబుకు రా. పరీక్ష చేసేది నేను కాదు, ఉదయ్ భాస్కర్‌గారు. అయినవాళ్లకు మేం చేయకూడదు. నేను బయట కూర్చుంటాను.

వదినకు ముందు చెప్పు. అన్నీ చెప్పు.

సౌజన్య


షాపూర్‌నగర్,
డిసెంబరు 17, 2024.

చెల్లెలు సౌజన్యకు ఆశీస్సులు.

ఆదివారం నీతో సరిగ్గా మాట్లాడలేకపోయాను. ఇప్పుడు రాస్తున్నాను.

ఆ గది తలుపు వేయగానే నాకు భయం వేసింది. ఈ పనిలో చేరిన ఇరవై రెండేళ్లలో అంత నిశ్శబ్దంలో నేను కూర్చోలేదు. మీ మాస్టారు నన్ను గోడవైపు తిప్పారు. మొదట్లో లావు కూతలు బాగానే వినిపించాయి. తర్వాత ఏమీ రాలేదు. చాలాసేపు రాలేదు. ఆయన పంపుతున్నారని నాకు తెలుస్తోంది, నాకే అందడం లేదు. ఊరికే ఒకసారి నొక్కేద్దామనిపించింది. మీట మీద వేలు పెట్టాను కూడా. నాలుగేళ్లుగా చేస్తున్నది అదే కదా, వినపడకుండానే సరే అనడం. వేలు తీసేశాను. నీకు నవ్వొస్తుందేమో కానీ ఈ మధ్య నేను చేసిన ధైర్యమైన పని అదే.

బయటికొచ్చాక కాగితం చూపించారు. ఎర్ర సున్నాలు కుడి చెవి, నీలం ఇంటూలు ఎడమ చెవి. కాగితం ఎడమ అంచు నుంచి తిన్నగా వచ్చి, సన్నని శబ్దాలుండే నాలుగువేల గుర్తు దగ్గర రెండూ గుంతలో పడ్డాయి. "చప్పుడు చెవిని పాడుచేస్తే ఇలాగే ఉంటుందండి. పోయింది తిరిగి రాదు. మిగిలింది కాపాడుకోవచ్చు, చెవి మిషన్లు పెట్టుకుంటే మాట స్పష్టంగా తెలుస్తుంది" అన్నారు. మెత్తగా చెప్పారు, కానీ దాచకుండా చెప్పారు. నాకు నచ్చింది.

నిన్న మేనేజరును అడిగాను. నీ ప్రాజెక్టుకు ఒప్పుకున్నాడు. ఫ్యాక్టరీ గేటు పక్కన పాత రికార్డుల గది ఉంది, గోడలు మందం. ఆదివారం సెలవు కాబట్టి సోమవారం పొద్దున ఆరు గంటలకు, షిఫ్టుకు ముందు చేసుకోమన్నాడు. జనవరి నుంచి రా.

ఒక్క షరతు. ఎవరి కాగితం వాళ్ల చేతికే ఇవ్వాలి. పేర్లు మేనేజరుకు వెళ్లకూడదు. నేను మనుషులకు మాటిచ్చాను. వరసలో మొదట నిలబడేది నేనే. నా పరీక్ష అయిపోయింది నిజమే, అయినా నిలబడతాను. వాళ్లు చూడాలి.

అన్న,
సుబ్బరాయుడు


నార్సింగి,
ఫిబ్రవరి 12, 2025.

అన్నకు,

నాలుగు సోమవారాలు, ముప్పై ఎనిమిది మంది. పొద్దున్నే నార్సింగి నుంచి ఔటర్ రింగ్ రోడ్డు మీద మా బండి వస్తుంటే నేనూ నా క్లాసుమేట్లు ఇద్దరూ పాఠాలు అప్పజెప్పుకునేవాళ్లం. మొదటి సోమవారం నువ్వు చొక్కా చేతులు మడిచి వరసలో ముందు నిలబడటం చూసి, వెనక ఒకాయన "సారే కూసుంటుండు, మనకేంది ఫికర్" అన్నాడు. ఆ మాట లేకపోతే సగం మంది వెళ్లిపోయేవాళ్లు.

పద్నాలుగు మందికి వినికిడి తగ్గింది. ఆరుగురికి ఎక్కువగా తగ్గింది. ముప్పై దాటనివాళ్లకు కూడా గుంత మొదలైంది. ఇయర్‌ప్లగ్గులు ఇస్తున్నారు, ఎలా పెట్టుకోవాలో ఎవరూ చూపించలేదు. బయటికి వేలాడేలా పెట్టుకుంటే అవి చెవికి నగలే.

నివేదికలో ఇవన్నీ రాశాను. మొన్న మీ మేనేజరు నన్ను గదిలోకి పిలిచాడు. "అంకెలు బాగున్నాయి మేడమ్, పేర్లు కావాలి. ఎవరు పనికిరారో తెలిస్తే ప్రెస్సు మీద నుంచి తీసేస్తాం" అన్నాడు. ఇవ్వనన్నాను. "మా దగ్గర చేసిన పరీక్షలు మావి" అన్నాడు. "చెవులు వాళ్లవి" అన్నాను. అనుమతి పత్రం మీద చివరి సంతకం పెట్టనన్నాడు. ఆ సంతకం లేకపోతే ప్రాజెక్టు చెల్లదు. నాకు ఒక సెమిస్టరు పోతుంది.

ఉదయ్ భాస్కర్‌గారికి చెప్పాను. "సెమిస్టరు మళ్ళీ వస్తుందండి. ఇచ్చిన మాట ఒకసారి పోతే మీ దగ్గరకు ఎవరూ చెవి చూపించుకోరు" అన్నారు. పోతే పోనీ. ఇంకో కర్మాగారం చూసుకుంటాను. నిద్ర పడుతోంది నాకు.

ఒక మాట. ఇంతకంటే ఎక్కువ అడగకు, నేను చెప్పలేను. నువ్వు మల్లమ్మతో మాట్లాడాలి. ఇంక వాయిదా వేయకు. నువ్వే వెళ్లి, ఎదురుగా కూర్చుని మాట్లాడు.

సౌజన్య


షాపూర్‌నగర్,
మార్చి 9, 2025.

చెల్లెలు సౌజన్యకు ఆశీస్సులు.

నువ్వు చెప్పినట్టే చేశాను. ఫిబ్రవరి 21 శుక్రవారం భోజనం వేళ ప్యాకింగు వైపు వెళ్లాను. మల్లమ్మ డబ్బా మూత తీస్తోంది. ఎదురుగా కూర్చున్నాను. ఇన్‌చార్జి వచ్చి బల్ల మీద కూర్చుంటే ఆమె లేచి నిలబడబోయింది. కూర్చోమన్నాను.

"మల్లమ్మా, ఆ రోజు నువ్వు ఆపమని అరిస్తే నాకు వినపడలేదు. నీ అరుపులు లెక్కచేయక మీట వేసింది కాదు. నా చెవులు పోయినాయి. అప్పటికే మూడేళ్లాయె. ఎవరికీ చెప్పలేదు. నీ అజాగ్రత్త అని రాస్తే సంతకం పెట్టినాను. తప్పు నాది" అన్నాను.

ఆమె నా పెదాలు చూస్తూ విన్నది. అన్నం కలుపుతున్న చేయి ఆగిపోయింది. డబ్బా పక్కకు జరిపి అడిగింది.

"సార్, మీరు వదులుతున్న అని ముందుగాల అరిచిన్రంట గద?"

"అరిచినాను."

"రామాంజనేయులు జెప్పిండు, సారు అరిచినంకనే మీట ఏసిండని. నాకు ఇనబడలే సార్. నాకు గూడ శెవులు ఇనబడయి. మీ శెల్లె మిషన్ పెట్టి సూసింది, కాయితం ఇచ్చింది. ఇనబడదని జెప్తే పని తీస్తరని మూసుకున్న. మీరు పిలిస్తే ఇనబడక శెయ్యి పోగొట్టుకున్నననుకున్న. తప్పు నాదేనని ఇన్నొద్దులు మీ మొకం సూడనీకి సిగ్గయింది."

ఏడాదిన్నరగా ఆమె పెట్టిన ప్రతి నమస్తేను నేను శిక్ష అనుకున్నాను. ఆమె క్షమాపణ అనుకుంటూ పెట్టిందట. నువ్వు ఎందుకు వెళ్లి మాట్లాడమన్నావో అప్పుడు తెలిసింది. ఆమె కాగితం సంగతి నాకు చెప్పకుండా నువ్వు ఎంత పట్టుకుని ఉన్నావో కూడా తెలిసింది.

సోమవారం షిఫ్టు ఎక్కే ముందు మేనేజరు గదికి వెళ్లాను. నా కాగితం తీసి బల్ల మీద పెట్టాను. "పేర్లు అడిగినారంట కదా సార్. మొదటి పేరు నాది. ఇన్‌చార్జిగా ప్రెస్సు మీద నేను ఉండకూడదు. తనిఖీ విభాగానికి మార్చండి. పోయే ముందు ఆగస్టు కాగితం తిరగరాయాలి. అజాగ్రత్త అన్న మాట అందులో ఉండకూడదు" అన్నాను.

"ఇప్పుడు తవ్వడం ఎందుకు సుబ్బరాయుడూ" అన్నాడు.

అంతలో తలుపు తెరుచుకుంది. మల్లమ్మ. నేను పిలవలేదు. తన కాగితం నా కాగితం పక్కన పెట్టి, "నాది గూడ రాసుకోండ్రి" అంది. ఆమె వెనక రామాంజనేయులు. అతనికి వినికిడి బాగానే ఉంది, సాక్షిగా వచ్చానన్నాడు. మధ్యాహ్నానికి ఇంకా తొమ్మిది మంది తమ కాగితాలు తామే తెచ్చి పెట్టారు. మొత్తం పదకొండు. మేనేజరు వాటిని పేకముక్కల్లా చేతిలో పట్టుకుని కూర్చున్నాడు. పదకొండు మందిని తీసేస్తే మూతలు కొట్టేవాళ్లు ఎవరు? నీ పద్నాలుగు మందిలో మిగిలిన ముగ్గురు ఎవరో నాకు తెలియదు. అడగలేదు.

అతను చెడ్డవాడు కాదు సౌజన్యా. భయస్థుడు, నాలాగే. రెండు రోజులు పైవాళ్లతో మాట్లాడాడు. ఏడో నంబరుతో మొదలుపెట్టి ప్రెస్సులకు చప్పుడు ఆపే గూడు కడుతున్నారు. అరుపుల బదులు ఎర్ర దీపం పెట్టారు. రెండు చేతులతో రెండు మీటలు నొక్కితే తప్ప ప్రెస్సు దిగదు. ప్లగ్గులు పెట్టుకోవడం మల్లమ్మే నేర్పుతోంది, కొత్తవాళ్ల చెవులు పట్టుకుని మరీ. నీ పత్రం మీద సంతకం పెట్టాడు, దీంతో పంపుతున్నాను. పైన తేదీ సరిచూసుకో.

నేను పదిహేనో తారీఖు నుంచి తనిఖీలోకి వెళ్తున్నాను. చెవి మిషన్ల కోసం అచ్చులు ఇచ్చి వచ్చాను. ప్రెస్సులను వదలడం కష్టంగానే ఉంది. నేనే అడిగాను కాబట్టి భరిస్తాను.

నిన్న తిరగరాసిన కాగితం వచ్చింది. మల్లమ్మకు చదవడం రాదు. అందుకని క్యాంటీన్‌లో అందరూ భోజనానికి కూర్చున్నప్పుడు ఆమె పక్కన నిలబడి చదివాను. "కారణం: చప్పుడు వల్ల ఇన్‌చార్జికీ, కార్మికురాలికీ ఒకరి హెచ్చరిక ఒకరికి వినపడకపోవడం. కార్మికురాలి అజాగ్రత్త ఏమీ లేదు."

ఆమె తల ఎత్తి నన్ను చూసింది. తర్వాత క్యాంటీన్ అంతా ఒకసారి చూసింది.

"ఇంకోపారి సదువుండ్రి సార్" అంది. "జర గట్టిగ."

చదివాను. ఈసారి వంటగదిలో వాళ్లు కూడా బయటికి వచ్చి నిలబడ్డారు.

అన్న,
సుబ్బరాయుడు